గుర్తు వేరు, జ్ఞాపకం వేరు, యాది వేరు



వార్షికోత్సవ సంచిక అనగానే పూర్వ విద్యార్థుల వ్యాసాల పేర్లు ఎలా ఉంటాయో మనందరికీ తెలుసు. "మరపురాని మధుర స్మృతులు", "హాస్టల్ జ్ఞాపకాల దొంతర", "నాకు గుర్తున్న ఆ రోజులు". స్మృతి, జ్ఞాపకం, గుర్తు అన్నీ ఒకే సంచిలో పడిపోతాయి. ఒకదాని బదులు ఇంకొకటి పెట్టినా ఎవరూ అడగరు. అవన్నీ ఒకటే అయితే మన పెద్దవాళ్ళు ఇన్ని మాటలు ఎందుకు పెట్టుకున్నారు? ఈ ప్రశ్నే మా చేత ఈ వ్యాసం రాయించింది.

మేము 2013లో ఆరో తరగతిలో ఈ శంషాబాద్ హాస్టల్లో చేరినవాళ్ళం. చేరినప్పుడు బోర్డు మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అని ఉండేది. పది పాసయ్యేనాటికి తెలంగాణ ప్రభుత్వం అని మారింది. ఇప్పుడు మాకు ఇరవై మూడేళ్ళు. పీజీ చదువుతున్నాం. మా ఇళ్ళల్లో డిగ్రీ పట్టా చేతిలోకి తీసుకున్న మొదటివాళ్ళం మేమే. ఈ వ్యాసం రాస్తున్న చెయ్యి ఒక్కటే అయినా 'నేను' అని రాయలేదు. ఎందుకు రాయలేదో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

ముందు గుర్తు సంగతి చూద్దాం.

గుర్తు అంటే బయట ఉండేది, కంటికి కనపడేది. హాస్టల్లో చేరిన మొదటి వారంలోనే మాకు ఈ పాఠం వచ్చింది. అందరి పళ్ళాలూ స్టీలువే, అందరి గ్లాసులూ స్టీలువే. అందుకని మేకుతో గీసి ఒకడు చుక్క పెట్టుకున్నాడు, ఒకడు గీత, ఒకడు ఇంటిపేరులో మొదటి అక్షరం. ట్రంకు పెట్టెల మీద పెయింటుతో నంబర్లు వేసుకున్నాం. దోబీ బట్టల మీద పెట్టేదీ గుర్తే, పొలం గట్టున పాతిన హద్దురాయీ గుర్తే. చదువు రాని మా అవ్వలూ తాతలూ ఓటు వేసేది కూడా గుర్తు చూసే. గుర్తుకు కన్ను ఉంటే చాలు, చదువు అక్కర్లేదు.

ఈ ఒక్క మాట నుంచి ఎన్ని క్రియలు పుట్టాయో చూడండి. గుర్తుపట్టడం, గుర్తుకు రావడం, గుర్తుంచుకోవడం, గుర్తు చేయడం. వీటిలో మొదటి రెంటికీ మధ్య పెద్ద తేడా ఉంది. గుర్తుపట్టాలంటే మనిషి ఎదురుగా ఉండాలి. గుర్తుకు రావాలంటే మనిషి ఎదురుగా ఉండకూడదు. ఈ తేడాను కొంచెం మనసులో పెట్టుకోండి, దీనితో తర్వాత పని పడుతుంది.

మన హాస్టల్ మేడ ఎక్కితే విమానాశ్రయం దీపాలు కనపడతాయి. దానికి 2005 మార్చి 16న శంకుస్థాపన జరిగింది. 2008 మార్చి 23 నుంచి ప్రయాణికుల విమానాలు తిరగడం మొదలైంది. అప్పటికి మాకు ఆరేళ్ళు కూడా సరిగా నిండలేదు. దాని కోసం తీసుకున్న నేల సుమారు 5,500 ఎకరాలు. మొదటి రన్‌వే ఒక్కటే 4,260 మీటర్ల పొడవు, అంటే నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. అంత నేల చదును అయినప్పుడు దాని మీద ఉన్న గుర్తులు ఉండవు. గట్టు, హద్దురాయి, చింతచెట్టు, బాయి, బండ్ల బాట ఏదీ మిగలదు. ఎవరినో తప్పుపట్టడానికి ఈ మాట రాయడం లేదు. ఈ విమానాశ్రయం మీద వచ్చే జీతంతోనే మాలో కొందరి ఇళ్ళల్లో పొయ్యి వెలుగుతోంది. మేము చెప్పేది ఇంతే. గుర్తు నేల మీద ఉంటుంది కాబట్టి నేల మారితే అదీ పోతుంది.

గుర్తుకు ఇంకో గుణం కూడా ఉంది. దాన్ని ఒకచోట తీసి ఇంకోచోట పెట్టొచ్చు. ప్రతి విమానాశ్రయానికీ మూడక్షరాల కోడ్ ఒకటి ఉంటుంది, సామాను మీద అంటించే కాగితంపై చూస్తాం. హైదరాబాద్ కోడ్ హెచ్‌వైడీ. 2008 దాకా ఆ మూడక్షరాలు బేగంపేటవి. శంషాబాద్ మొదలయ్యాక అవి ఇక్కడికి వచ్చాయి, బేగంపేటకు బీపీఎం అనే వేరే కోడ్ పెట్టారు. ఒకే గుర్తు అప్పుడు ఒక నేలను చూపించింది, ఇప్పుడు ఇంకో నేలను చూపిస్తోంది. గుర్తుకు ఏ నేల మీదా మమకారం ఉండదు.

గుర్తు నుంచి పుట్టిన మాటే గుర్తింపు. మాలో ఒకరి అమ్మ ఆ విమానాశ్రయంలోనే ఊడ్చే పని చేస్తుంది. మెడలో పాసు ఉంటుంది. పాసు మీద ఫోటో ఉంటుంది, పేరు ఉంటుంది. గేటు దగ్గర అది చూసి లోపలికి పంపుతారు. పెళ్ళికి ముందు ఆ అమ్మ తన తల్లి వెంట అదే నేల మీద కలుపు తీసింది. ఆ సంగతి పాసు మీద ఉండదు, ఉండాలని రూలు కూడా లేదు. గుర్తింపు కార్డు మనం ఎవరమో చెబుతుంది. మనం ఎక్కడి నుంచి నడిచి వచ్చామో చెప్పడం దాని పని కాదు.

ఇక బట్టీ. హాస్టల్ పిల్లలకు దీని గురించి ఎవరూ చెప్పాల్సిన పని లేదు. తెల్లవారుజామున స్టడీ అవర్‌లో గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని ఎక్కాలు, పద్యాలు, సూత్రాలు అప్పజెప్పినవాళ్ళమే అందరం. పుస్తకాల భాషలో దీన్ని కంఠస్థం అంటారు. ఆ మాటే నిజం చెబుతోంది. అది కంఠంలో ఉంటుంది. వరసలో వస్తుంది, వరస తప్పితే ఆగిపోతుంది. మధ్యలో ఎవరైనా తుమ్మితే మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకోవాలి. బట్టీని మేము చిన్నచూపు చూడం. ఇంట్లో చెప్పేవాళ్ళు లేని పిల్లలకు పది గట్టెక్కించింది చాలాసార్లు అదే. కానీ బట్టీ పట్టింది పరీక్ష అయిన మర్నాడు వెళ్ళిపోతుంది. దాన్ని పిలవడానికి పరీక్ష ఉండాలి.

జ్ఞాపకం పిలవకుండానే వస్తుంది. జ్ఞాపకం సంస్కృతం నుంచి వచ్చిన మాట, తెలియజేసేది అని దాని అసలు అర్థం. యూనివర్సిటీ మెస్‌లో ఎప్పుడో నీళ్ళ సాంబారు వాసన తగిలితే చాలు, మన హాస్టల్ వంటగది, పెద్ద గంజు, గంటె పట్టుకున్న వంటమ్మ అన్నీ కళ్ళ ముందుకు వస్తాయి. మనం అడగలేదు, అదే తెలియజేసింది. కానీ జ్ఞాపకానికి ఒక ఇబ్బంది ఉంది. అది ఒక్కరిదే. పదో తరగతి పరీక్షలకు ముందు రాత్రి హాస్టల్లో కరెంటు పోయింది. ఈమధ్య అందరం కలిసినప్పుడు ఆ మాట వచ్చింది. ఒకడికి దోమలు జ్ఞాపకం. ఒకడికి వార్డెన్ సారు తెచ్చిన రెండు కొవ్వొత్తులు జ్ఞాపకం. ఇంకొకడు, కొవ్వొత్తులు కావురా, వాచ్‌మన్ తాత లాంతరు అంటాడు. నాలుగోవాడు ఆ రాత్రి కరెంటు పోనే పోలేదని ఇప్పటికీ వాదిస్తున్నాడు. ఒకే గది, ఒకే రాత్రి, నాలుగు జ్ఞాపకాలు. ఎవరిది వాళ్ళ తలలోనే ఉంది. ఆ మనిషితోనే ఉంటుంది, ఆ మనిషితోనే పోతుంది.

స్మృతి మాట ఇంకా పెద్దది. మా లాంటి హాస్టళ్ళలో చదివినవాళ్ళు ఆ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. వేదాలను శ్రుతి అన్నారు, అంటే విన్నది. ధర్మశాస్త్రాలను స్మృతి అన్నారు, అంటే జ్ఞాపకం పెట్టుకున్నది. పెట్టుకున్నవాళ్ళు ఎవరు? చదివే హక్కు, రాసే హక్కు ఉన్న కొద్దిమంది. జ్ఞాపకం పెట్టుకునే హక్కు కొందరి దగ్గరే ఉంటే వాళ్ళ జ్ఞాపకం అందరి మీదా చట్టమై కూర్చుంటుంది. 1927 మార్చి 20న డాక్టర్ అంబేడ్కర్ వెంట వేలమంది మహాడ్‌లోని చవదార్ చెరువుకు నడిచి వెళ్ళి నీళ్ళు తాగారు. అదే ఏడాది డిసెంబర్ 25న అదే మహాడ్‌లో మనుస్మృతిని తగులబెట్టారు. కాబట్టి తమ్ముళ్ళూ, "మధుర స్మృతులు" అని శీర్షిక పెట్టేటప్పుడు ఆ మాటకు ఇంత చరిత్ర ఉందని తెలిసి పెట్టండి. అన్ని స్మృతులూ అందరికీ మధురంగా ఉండలేదు.

స్మారకం అనే మాటకు మన తెలుగులో రెండు అర్థాలున్నాయి. ఒకటి గొప్పవాళ్ళ పేరు నిలపడానికి కట్టేది. సమాధులు, విగ్రహాలు, పేరు పెట్టిన భవనాలు. మన విమానాశ్రయానికి రాజీవ్ గాంధీ పేరు ఉండటం కూడా ఆ కోవలోనిదే. రెండోది మనిషికి తెలివి ఉండటం. ఎండదెబ్బకు పడిపోయినవాణ్ణి "స్మారకం లేదు" అంటాం. ఆస్పత్రి వార్తల్లో "అపస్మారక స్థితి" అని రాస్తారు. ఈ రెండో అర్థం మాకు ఎక్కువ నచ్చింది. జ్ఞాపకం లేకపోవడమూ తెలివి తప్పడమూ ఒకటేనని మన భాష చెప్పకనే చెప్పింది. ఒక్క మనిషికి వర్తించేది ఒక ఊరికి, ఒక వాడకు కూడా వర్తిస్తుంది కదా!

ఇప్పుడు మా ఇంటి మాటకు వద్దాం. ఇప్పటిదాకా చెప్పిన మాటల్లో చాలావాటిని మేము బడిలో నేర్చుకున్నాం. మా ఇళ్ళల్లో ఉన్న మాట యాది. పారసీ, ఉర్దూల నుంచి వచ్చి తెలంగాణ నోట్లో తెలుగై కూర్చుంది. సామల సదాశివ గారి లాంటి పండితుడు తన జ్ఞాపకాల పుస్తకానికి "యాది" అనే పేరు పెట్టుకున్నారు. ఆ పేరు లైబ్రరీలో చూసిన రోజు మాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేం. హాస్టల్లో చేరిన కొత్తలో "యాది మర్సిన సార్" అంటే తరగతిలో నవ్వేవాళ్ళు. అదే మాట పుస్తకం అట్ట మీద ఉంది!

యాదిని ఎలా వాడతామో చూడండి. యాదికి వస్తది, యాదిల ఉంటది, యాది మరుస్తం. అన్నింటికంటే ముఖ్యమైనది, యాది చేస్తం. "మీ అవ్వ నిన్ను యాది చేస్తుంది" అని ఊరి నుంచి వచ్చినవాళ్ళు చెబుతారు. అంటే ఆమె మనసులో అనుకుని ఊరుకోలేదు. పక్కన కూర్చున్నవాళ్ళతో మన పేరు ఎత్తింది, మన మాట మాట్లాడింది, ఆ మాట ఒకరి నోటి నుంచి మన దాకా వచ్చింది. జ్ఞాపకం ఒక్క తలలో ఉంటుంది. యాదికి ఇద్దరు కావాలి, చెప్పేవాళ్ళొకరు, వినేవాళ్ళొకరు.

ఇది మాకు నేర్పింది ఒక అవ్వ. ఆమె మాలో ఎవరి అవ్వో చెప్పం. హాస్టల్లో ఒకడి అవ్వ అందరికీ అవ్వే. ఆదివారం చూడటానికి వస్తే జొన్నరొట్టెలూ పచ్చిమిరపకాయ తొక్కూ గుడ్డలో కట్టుకుని వచ్చేది. మనవడికి ఒక రొట్టె దక్కితే గొప్ప, మిగతావి మా పాలు. ఆమెకు సొంత భూమి లేదు. ఇప్పుడు విమానాలు దిగుతున్న వైపు నేలల్లో ఇరవై ఏళ్ళు కూలికి పోయింది. భూమి ఉన్నవాళ్ళ పేర్లు పట్టా పుస్తకాల్లో ఉంటాయి. నాటు వేసినవాళ్ళ పేర్లు ఏ పుస్తకంలో ఉంటాయి? ఆ నేలతో ఆమెకున్న సంబంధానికి కాగితం లేదు. ఉన్నదల్లా ఆమె నోరే.

రెండేళ్ళ నుంచి అవ్వకు మతి తప్పుతోంది. సాయంత్రం అరుగు మీద కూర్చుని దూరంగా దీపాలు చూస్తూ "నాట్లయినయా బిడ్డా?" అని అడుగుతుంది. అక్కడ ఇప్పుడు మడులు లేవని మేము చెప్పం. "ఏ మడిల అవ్వా?" అని తిరిగి అడుగుతాం. అప్పుడు ఆమె మొదలుపెడుతుంది. "గా ఎర్ర దీపం కనవడ్తుంది సూడు, గాడ మోటబాయి ఉండె. బాయి పక్కపొంటి మడి. మడి దాటినంక ఆముదం చెల్క. గా చెల్కల పాము కరిచి మా అక్క సచ్చిపాయె." ద్రాక్షతోటలో గుత్తులు కోసేటప్పుడు నోట్లో వేసుకోకుండా కూలోళ్ళ చేత పాటలు పాడించేవాళ్ళట. నోరు ఖాళీగా ఉంటే కదా తినేది! ఉందానగర్ స్టేషన్‌లో రైలు కూత వింటే పగటి గంజికి పొద్దయిందని లెక్కట. బట్టీ పట్టినవాళ్ళలా ఆమెకు వరస అక్కర్లేదు. ఎటు నుంచి అడిగినా దారి దొరుకుతుంది. కానీ ఒకరు అడగాలి.

మొన్న సంక్రాంతికి మనవడితో పాటు మేమూ వెళ్ళాం. అవ్వ మనవడి ముఖంలోకి చాలాసేపు చూసింది. గుర్తుపట్టలేదు. వాడు పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. అప్పుడు ఆమె వాడినే అడిగింది.

"ఏ ఊరు బిడ్డా మీది?"

"శంషాబాద్ హాస్టల్ నుంచి వచ్చినం అవ్వా."

"అట్లనా! నా మనుమడు గూడ ఆడనే సదువుతుండు. నీకెర్కనా?"

"ఎర్కనే అవ్వా."

"మంచిగ సదువుతుండా? కడుపునిండ పెడ్తున్నరా వానికి?"

"పెడ్తున్నరవ్వా. మంచిగనే సదువుతుండు."

"వచ్చేటప్పుడు రొట్టెలు తెస్తనని చెప్పు."

వాడు చెప్తానన్నాడు. మేము అరుగు దిగి కాసేపు వీధిలో నిలబడ్డాం.

ఆ రోజు మాకు ఈ మాటల తేడా ఏ నిఘంటువూ చెప్పనంత బాగా తెలిసింది. ఎదురుగా కూర్చున్నవాణ్ణి ఆమె గుర్తుపట్టలేదు. కానీ వాడు ఆమె యాదిలో ఉన్నాడు. వాడి బడి ఉంది, వాడి ఆకలి ఉంది, వాడికి తేవాల్సిన రొట్టెలున్నాయి. గుర్తు పోయినా యాది మిగలొచ్చు. మనిషి ముఖం కంటే ఆ మనిషి కోసం పడిన ఆరాటం లోపల ఎక్కువ కాలం ఉంటుందేమో!

కానీ అది కూడా ఎన్నాళ్ళు ఉంటుంది? అందుకే మాలో ఒకరు రెండు వందల పేజీల నోటుపుస్తకం కొని పెట్టారు. వెళ్ళినప్పుడల్లా అవ్వ చెప్పింది చెప్పినట్టు ఆమె మాటల్లోనే రాస్తున్నాం. బాయిల పేర్లు, మడుల పేర్లు, కూలి ఎంతిచ్చేవాళ్ళు, ఏ పాట ఏ పనికి పాడేవాళ్ళు, ఎవరి ఇంటి ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచేవాళ్ళు. ఈ చివరిది రాస్తున్నప్పుడు ఒక మిత్రుడు, ఇవన్నీ ఇప్పుడెందుకురా, మనసులో పెట్టుకున్నట్టు ఉంటుంది అన్నాడు. నిజమే, మన తెలుగులో "మనసులో పెట్టుకోవడం" అంటే పగ అనే అర్థం కూడా ఉంది. కానీ పగ మనసులోనే ఉండి పులుస్తుంది. యాది బయటికి వచ్చి పదిమందిలో నిలబడుతుంది. రెండూ ఒకటి కావు.

ఈ తేడాను పెద్ద ఎత్తున చేసి చూపించినవారు అంబేడ్కరే. వీసా అనే మాట మన శంషాబాద్ వైపు రోజూ వినపడుతుంది. ఇక్కడికి దగ్గర్లోని చిలుకూరు బాలాజీకి వీసా బాలాజీ అని పేరే పడింది. అంబేడ్కర్ తన అనుభవాలు రాసుకున్న చిన్న పుస్తకం పేరు కూడా "వెయిటింగ్ ఫర్ ఎ వీసా". 1930లలో రాశారు, ఆయన పోయాక 1990లో పుస్తకంగా వచ్చింది. 1901లో తొమ్మిదేళ్ళ పిల్లవాడిగా తండ్రిని చూడటానికి కోరెగావ్ పోతూ దారిలో తాగడానికి నీళ్ళు దొరకక పడిన బాధతో అది మొదలవుతుంది. 1934లో దౌలతాబాద్ కోటలో చెరువు నీళ్ళు ముట్టారని జరిగిన గొడవ కూడా అందులో ఉంది. ఆ కోట అప్పుడు మన హైదరాబాద్ సంస్థానంలోదే. ఇందులో గమనించాల్సింది ఇంకొకటి. ఆయన తనకు జరిగినవి మాత్రమే రాసి ఆపలేదు, వేరేవాళ్ళకు జరిగినవి కూడా చేర్చారు. తన ఒక్కడి జ్ఞాపకాన్ని అందరి యాది చేశారు. అంటరానితనం అంటే ఏమిటో తెలియని విదేశీయులకు తెలియజెప్పడానికి రాసిన పుస్తకం అది. చెప్పేవాళ్ళొకరు, వినేవాళ్ళొకరు అన్నాం కదా. వినేవాళ్ళు ఏడు సముద్రాల అవతల ఉన్నా సరే, వాళ్ళను దృష్టిలో పెట్టుకునే రాశారు.

ఈ వ్యాసంలో 'మేము' అని ఎందుకు రాశామో ఇప్పుడు తెలిసి ఉంటుంది. జ్ఞాపకం 'నేను' అంటుంది. యాది 'మేము' అనకుండా మాట్లాడలేదు. అవ్వ చెప్పిన బాయి మాలో ఎవరమూ చూడలేదు. అయినా ఇప్పుడు ఆ బాయి మాకు తెలుసు. ఆమె తల నుంచి అది మా మధ్యకు వచ్చింది. రేపు ఆమె లేకపోయినా అది పూడిపోదు.

తమ్ముళ్ళూ, మీ కోసం ఒక పని. వచ్చే సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఫోన్ కాసేపు పక్కన పెట్టి అవ్వ దగ్గరో తాత దగ్గరో కూర్చోండి. "ఏమన్నా చెప్పు" అంటే చెప్పరు. పేరు పట్టుకుని అడగండి. ఏ బాయి? ఏ చెట్టు? ఏ దొర? కూలి ఎంత? ఎన్ని మైళ్ళు నడిచేది? వాళ్ళ మాటను మీ పుస్తకాల తెలుగులోకి మార్చకండి, వాళ్ళు అన్నట్టే రాయండి. పైన తేదీ వేయండి. చెప్పింది ఎవరో, విన్నది ఎవరో రెండూ రాయండి. రెండు లైన్లయినా ఫర్వాలేదు. వచ్చే ఏడాది సంచికకు అవే పంపండి. మా నోటుపుస్తకంలో ఇప్పటికి నలభై ఒక్క పేజీలు నిండాయి. మిగతా పేజీలు మీ అవ్వలకూ తాతలకూ ఉన్నాయి.